పనిముట్టు మనిషికి తగినట్లుండవలెను



విత్తనము కొనునపుడు మన నేలకు తగినదేనా అని విచారింతుము. ఎరువు వేయుటకు ముందు మట్టి పరీక్ష చేయింతుము. ఎద్దు మెడ పుండు పడకుండ కాడిని నునుపు చేయింతుము. కాని కొడవలి కొనునపుడు దాని పిడి మన పిడికిలికి సరిపోవునా, కలుపు యంత్రము కొనునపుడు దాని చేపిడి మన ఎత్తుకు తగునా అని విచారించువారు బహు కొద్దిమంది. ఎద్దు మెడకు ఇచ్చిన విలువ మన నడుముకు ఇచ్చుట లేదు. అందుచేత నలువది ఏండ్లు నిండక మునుపే నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, భుజముల పట్టు రైతు కుటుంబములలో సాధారణమైపోయినవి. ఇది వయస్సు దోషమనియు, తలవ్రాత అనియు అనుకొనుట సరికాదు. ఇందులో చాల భాగము పనిముట్టు దోషము. పనిముట్టును మార్చవచ్చును గనుక ఈ దోషమును మాన్పవచ్చును.

1. ఈ శాస్త్రమేమి?

పనిని, పనిముట్టును, యంత్రమును మనిషి శరీరమునకు, బుద్ధికి తగినట్లు అమర్చు శాస్త్రమును ఎర్గొనామిక్సు అందురు. గ్రీకు భాషలో ఎర్గాన్ అనగా పని, నోమోస్ అనగా ధర్మము. కావున దీనిని పని ధర్మము అనవచ్చును. ఈ మాటను 1857లో పోలెండు దేశపు శాస్త్రజ్ఞుడు యాస్త్రజెంబోవ్‌స్కీ మొదట వాడెను. 1949లో ఇంగ్లండులో మరల వాడుకలోనికి వచ్చెను.

ఈ విషయముపై పేరుపొందిన పాఠ్యగ్రంథమును అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఎర్నెస్టు మెకార్మిక్ రచించెను. అది 1957లో హ్యూమన్ ఇంజనీరింగ్ అను పేర మొదట వెలువడెను. తరువాత పేరు మారి, మార్క్ శాండర్సు సహకారముతో పెరిగి, 1993లో ఏడవ కూర్పు వచ్చెను. ఇంజనీరింగు విద్యార్థులు చదువు ఆ గ్రంథపు సారము రైతుకు ఒక్క మాటలో చెప్పవచ్చును: మనిషిని వంచి యంత్రమునకు అమర్చరాదు, యంత్రమునే మనిషికి అమర్చవలెను. మనిషి చూపు, వినికిడి, చేతి అందుబాటు, బలము, అలసట, పొరపాటు చేయు స్వభావము, ఇవన్నియు ముందుగా తెలిసికొని పిమ్మట యంత్రము గీయవలెనని ఈ శాస్త్రము బోధించును.

2. పార నేర్పిన పాఠము

1898 ప్రాంతమున అమెరికాలో బెత్లెహెం ఉక్కు కర్మాగారమున ఫ్రెడరిక్ టేలర్ అను ఇంజనీరు పారతో ఎత్తిపోయు పనిని పరిశీలించెను. కూలీలు అన్ని సరుకులకు ఒకే పార వాడుచుండిరి. తేలికైన బొగ్గుపొడి ఎత్తినపుడు పారకు ఒకటిన్నర కిలో మాత్రమే వచ్చెడిది. ఇనుప రాయి ఎత్తినపుడు 17 కిలోల వరకు వచ్చెడిది. మొదటి దానిలో శ్రమ వృథా, రెండవ దానిలో ఒళ్లు గుల్ల. పారకు సుమారు తొమ్మిదిన్నర కిలోలు వచ్చినచో రోజు మొత్తముమీద ఎక్కువ పని జరుగునని అతడు తేల్చెను. తేలిక సరుకునకు పెద్ద పార, బరువు సరుకునకు చిన్న పార చేయించెను.

ఇందు మనకు రెండు సంగతులు కలవు. పశువుల ఎరువు ఎత్తు పార, తడి మట్టి ఎత్తు పార ఒకటి కారాదు అనునది మొదటిది. రెండవది మరింత ముఖ్యమైనది. టేలర్ చూచినది యజమానికి ఎంత పని జరిగెనని. ఆ బరువు దృఢమైన కూలీకి, వారి దేశపు చలికి, వారి తిండికి తేలిన లెక్క. మే నెల ఎండలో మన మడిలో పనిచేయు మనిషికి అది కొలత కాదు. ఎంత పని జరిగెను అని మాత్రమే గాక, చేసినవాని ఒళ్లు మరునాటికి ఎట్లున్నది అని కూడ అడుగుటయే తరువాత వచ్చిన శాస్త్రపు గొప్పతనము.

3. విమానము నేర్పిన పాఠము

రెండవ ప్రపంచ యుద్ధ కాలమున అమెరికా యుద్ధ విమానములు కొన్ని క్షేమముగా నేలకు దిగిన పిమ్మట చక్రములు ముడుచుకొని పొట్టమీద కూలబడుచుండెను. తప్పు పైలట్లదే అని అందరు అనుకొనిరి. ఆల్ఫాన్సు చపానిస్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1943లో పరిశీలించి అసలు కారణము కనుగొనెను. రెక్కల మడతలను కదుపు మీట, చక్రములను ముడుచు మీట ఒకే ఆకారమున ప్రక్కప్రక్కనే యుండెను. అలసిన చేయి ఒకదానికి బదులు మరియొకటి లాగుచుండెను. అతడు చక్రపు మీటకు చిన్న రబ్బరు చక్రమును, రెక్క మీటకు రెక్కవంటి బిళ్లను తగిలించెను. తాకినంతనే ఏది ఏదో తెలిసెను. పొరపాట్లు ఆగెను.

ట్రాక్టరు మీద, నూర్పిడి యంత్రము మీద ప్రమాదము జరిగినపుడు నడిపినవాని అజాగ్రత్త అని చెప్పి ఊరకుందుము. మీటల అమరికయే పొరపాటును పిలుచుచున్నదేమో చూడవలెను. ఒకే ఆకారపు మీటలున్నచో ఒకదానికి గుడ్డ చుట్టి, మరొకదానికి ఎర్ర రంగు పూయుటకు పది రూపాయలైనను కావు.

అదే దేశపు వైమానిక దళము తరువాత 4,063 మంది పైలట్ల శరీరములను కొలిపించెను. పది కొలతలలో సగటుకు దగ్గరగా ఉన్న మనిషి ఎందరని గిల్బర్టు డేనియల్సు లెక్కించగా, 1952లో తేలిన జవాబు: ఒక్కడును లేడు. పొడుగుచేతులవానికి కాళ్లు పొట్టి, విశాలమైన ఛాతీవానికి మెడ సన్నము. కావున సగటు మనిషికని చేసిన పనిముట్టు ఎవరికిని సరిగా సరిపోదు. సవరించుకొను వీలున్న పనిముట్టే మంచి పనిముట్టు.

మన దేశమున వ్యవసాయ కూలీల శరీర కొలతలను భోపాలులోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగు సంస్థ ఆధ్వర్యమున అనేక రాష్ట్రములలో సేకరించిరి. పురుషుల ఎత్తు సగటున సుమారు 163 సెం.మీ.; స్త్రీలది అంతకు సుమారు 12 సెం.మీ. తక్కువ. స్త్రీల కండబలము సాధారణముగా పురుషుల బలములో మూడింట రెండు వంతులు. కలుపు తీత, నాటు, కోత పనులలో ఎక్కువ భాగము చేయునది స్త్రీలే అయినను, అంగడిలోని పనిముట్లు చాల వరకు పురుషుని చేతికి తగినట్లే తయారగుచున్నవి. ఇది అన్యాయము మాత్రమే కాదు, నష్టము కూడ. సరిపడని పనిముట్టుతో పని తరుగును.

4. వరంగల్లు దారిలో ఒక ఉదాహరణ

ఈ శాస్త్రము తెలియవలెనన్న పెద్ద చదువు అవసరము లేదని మన ప్రాంతపు మనిషి ఒకరు నిరూపించిరి. ఉప్పల్ నుండి ఘట్‌కేసర్, భువనగిరి మీదుగా పోవు దారిలో ఆలేరు ఉన్నది. ఆ మండలమున శారాజీపేట గ్రామపు చేనేత కుటుంబమువారు చింతకింది మల్లేశం. పట్టు చీర నేయుటకు ముందు ఆసు పోయవలెను. ఒక కొయ్య మేకు నుండి ఎదుట అర్ధచంద్రాకారముగా నున్న మేకులకు చేయి చాచి నూలును త్రిప్పుచు పోవుటయే ఆసు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ముందు వెనుకలు ఆడవలెను. ఈ పని ఇంటి ఆడవారిది. తల్లి లక్ష్మిగారి భుజపు నొప్పి చూడలేక మల్లేశం 1992లో మొదలుపెట్టి, 1999 నాటికి ఆసు యంత్రమును పూర్తి చేసిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. ఆ యంత్రమునకు తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించెను.

ఇందు గమనింపదగినది యంత్రము కాదు, ఆలోచన క్రమము. మొదట నొప్పి ఎక్కడ అని చూచిరి. ఏ కదలిక ఆ నొప్పికి మూలమో గుర్తించిరి. ఆ కదలికను మనిషి నుండి యంత్రమునకు మార్చిరి. నూలు ఎంపిక, రంగు, నేత మనిషి దగ్గరనే ఉంచిరి. మెకార్మిక్ గ్రంథమున మనిషికి ఏ పని, యంత్రమునకు ఏ పని అని విభజించు అధ్యాయము చదువకనే ఆ సూత్రమును అమలు జరిపిరి.

5. ఉప్పల్ మూసీ ఒడ్డున

ఉప్పల్ నేడు నగరము. 2017 నవంబరు నుండి దాని మీదుగా మెట్రో రైలు నడచుచున్నది. అయినను ఉప్పల్ భాగాయత్ అను పేరులో తోట భూమి అను అర్థము నిలిచియే యున్నది. నగరపు మురుగు కలిసిన మూసీ నీటితో ఉప్పల్, పీర్జాదిగూడ పరిసరములలో పారా గడ్డిని, తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలను పండించుటను 2000 తరువాతి ఏండ్లలో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు వివరముగా అధ్యయనము చేసిరి. గడ్డి నగరపు పాడి గేదెలకు, కూర నగరపు వంటింటికి పోయెడిది. పట్టణపు అంచున ఇట్టి సేద్యము చేయు గ్రామములన్నిటికి ఈ క్రింది విశ్లేషణ వర్తించును.

గడ్డి కోతలో మూడు కష్టములు. నడుము వంచి గంటల తరబడి నిలుచుట ఒకటి. మొద్దుబారిన కొడవలితో మణికట్టు మెలిపెట్టి లాగుట రెండవది. తడి మోపును నేల మీద నుండి నెత్తికి ఎత్తుట మూడవది. ఆకుకూరలలో గొంతుక కూర్చుండి కలుపు తీయుట, అదే భంగిమలో కట్టలు కట్టుట మోకాళ్లను అరుగదీయును. మురుగు నీటి సాగులో మరొక అపాయము కలదు. కొడవలి గీరుకొన్న చిన్న గాయమునకు ఆ నీరు తగిలి చీము పట్టును. కావున అక్కడ మంచి పిడి గల కొడవలి సుఖము కొరకు మాత్రమే కాదు, ఆరోగ్యము కొరకు. మోకాలి వరకు రబ్బరు బూట్లు, పని ముగిసిన వెంటనే సబ్బుతో శుభ్రమైన నీట కడుగుకొనుట తప్పనిసరి.

6. శ్రమను కొలుచుట

నేలను కొలుతుము, ధాన్యమును కొలుతుము. శ్రమను కూడ కొలువవచ్చును. దానికి కావలసినది సెకనుల ముల్లు గల గడియారము మాత్రమే.

(అ) ఉదయము పని మొదలిడక ముందు పది నిమిషములు కూర్చుండి, మణికట్టు వద్ద నాడిని 15 సెకనులు లెక్కించి 4తో హెచ్చవేయుడు. ఇది విశ్రాంతి నాడి.

(ఆ) అరగంట పని చేసి, ఆపిన వెంటనే అట్లే లెక్కింపుడు. ఇది పని నాడి.

(ఇ) రెండవదాని నుండి మొదటిది తీసివేయుడు. తేడా 35, 40 లోపున ఉన్నచో ఆ పని రోజంతయు సాగింపవచ్చును. అంతకు మించినచో ఆ పనిముట్టుతో ఆ వేగమున ఎడతెగక చేయరాదు; నడుమ విశ్రాంతి పెంచవలెను, లేదా పనిముట్టు మార్చవలెను.

ఉదాహరణకు విశ్రాంతి నాడి 76, పని నాడి 124 అయినచో తేడా 48. ఇది హెచ్చు శ్రమ. ఎండ వేడిమి కూడ నాడిని పెంచును గనుక రెండు పనిముట్లను పోల్చునపుడు ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే మడిలో చూడవలెను. జ్వరము, గుండె జబ్బు గలవారు ఈ పరీక్ష చేయరాదు.

నడక కూడ శ్రమయే. ఒక ఎకరము 4,047 చదరపు మీటర్లు. నాగటి చాలు 15 సెం.మీ. వెడల్పున పడినచో ఎకరము దున్నుటకు దాదాపు 27 కిలోమీటర్లు నడువవలెను. పనిముట్టు వెడల్పు 20 సెం.మీ. అయినచో 20 కిలోమీటర్లు చాలును. అయిదు సెంటీమీటర్ల తేడా ఏడు కిలోమీటర్ల నడకను తప్పించును. అయితే వెడల్పు పెరిగిన కొలది లాగు బలము పెరుగును గనుక నేల గట్టిదనము చూచి నిర్ణయింపవలెను.

7. పనిముట్ల వారీగా సూచనలు

కొడవలి: పిడి మందము 3 నుండి 4 సెం.మీ. ఉండవలెను. పట్టినపుడు బొటనవేలి కొన చూపుడువేలి కొనను కొంచెము దాటవలెను. అలగు కంటె పిడి కొంత పైకి ఎత్తియున్నచో వ్రేళ్ల కణుపులు నేలకు రాచుకొనవు. మణికట్టు వంగుటకంటె పిడి వంగియుండుట మేలు. రంపపు పండ్ల కొడవలిని మాటిమాటికి నూరవలసిన పని లేదు.

కలుపు తీత: వరుసలలో విత్తినచోట నిలుచుండి త్రోయు చక్రపు కలుపు యంత్రము వాడుడు. చేపిడి నడుము, మోచేతుల నడుమ ఎత్తున ఉండవలెను. చేపిడి కడ్డీకి మూడు నాలుగు రంధ్రములు వేయించినచో ఇంటిలో పొడవరి, పొట్టివారు ఇద్దరును సవరించుకొందురు.

మందు కొట్టు పంపు: 16 లీటర్ల పంపులో నీరే 16 కిలోలు. పంపు బరువు అదనము. బలము తక్కువ గలవారు ముప్పాతిక వరకే నింపవలెను. భుజపు పట్టీ కనీసము 5 సెం.మీ. వెడల్పున, మెత్తగా ఉండవలెను. పంపును నేల మీద నుండి గాక గట్టు మీద నుంచి వీపుకు ఎత్తుకొనవలెను.

మోపులు, గంపలు: వీలైనచోట తోపుడు బండి వాడుడు. బరువు చక్రమునకు దగ్గరగా ఉండవలెను. 60 కిలోల బరువు ఇరుసుకు 40 సెం.మీ. దూరమున, చేపిడులు 120 సెం.మీ. దూరమున ఉన్నచో చేతులపై పడునది 20 కిలోలే. అదే బరువును 60 సెం.మీ. దూరమునకు జరిపినచో 30 కిలోలగును.

కట్టలు కట్టుట: ఆకుకూరల కట్టలు కట్టుటకు ఒక బల్ల చేయింపుడు. నిలుచున్నపుడు మోచేయి ఎత్తు కొలిచి, దానికి 5 నుండి 10 సెం.మీ. క్రిందుగా బల్ల ఉపరితలము ఉండవలెను. బల్లను ఆ పని చేయు ఇల్లాలి కొలతతో చేయింపవలెను గాని యజమాని కొలతతో కాదు.

8. ప్రాణము మీదికి వచ్చు యంత్రములు

నొప్పి మెల్లగా వచ్చును. ప్రమాదము క్షణములో వచ్చును. ట్రాక్టరు వెనుక త్రిప్పు కడ్డీ నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు తిరుగును. కడ్డీ మందము 7 సెం.మీ. అయినచో సెకనుకు సుమారు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకొనును. చీర కొంగు గాని, పంచె అంచు గాని తగిలిన పిమ్మట అరచుటకైనను వ్యవధి ఉండదు. జాగ్రత్తగా ఉండుడు అని చెప్పి ప్రయోజనము లేదు. మనిషి ఎంత జాగరూకుడైనను సెకనులో స్పందించి తప్పించుకొనలేడు. కడ్డీ మీద తొడుగు ఉండవలెను. తొడుగు లేని యంత్రమును బాడుగకు కూడ తీసికొనరాదు.

నూర్పిడి యంత్రపు నోటి తొట్టి కనీసము 90 సెం.మీ. పొడవుండి, అందు యంత్రము వైపున 45 సెం.మీ. మేర మూసియుండవలెనని ప్రమాణము. మన చేయి లోపలి పండ్లను అందుకొనరాదను లెక్కతోనే ఈ కొలత పెట్టిరి. ఇట్టి యంత్రముల కొరకే 1983లో ప్రమాదకర యంత్రముల చట్టము వచ్చెను. గడ్డి కోయు యంత్రమునకు కత్తుల మీద కవచము, పని లేనపుడు చక్రము కదలకుండ బిగించు మేకు అవసరము. ఈ మేకు పిల్లల వ్రేళ్లను కాపాడును.

9. ఎవరు చేసి పెట్టుదురు?

నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలలో ఇనుము కోయు, అతుకు, వంచు చిన్న కార్ఖానాలు కలవు. చుట్టుపక్కల పల్లెల యువకులు అందు పనిచేయుచున్నారు. చేపిడికి రంధ్రములు వేయుట, కడ్డీకి తొడుగు చేయుట, తొట్టి పొడిగించుట అట్టి చోట్ల చిన్న పనులు. దూరపు పల్లెలో కమ్మరి, వడ్రంగి ఉందురు. కాని కొలత ఇవ్వవలసినది మీరే. పనిముట్టు వెంట దానిని వాడు మనిషిని కూడ తీసికొనిపొండు. స్త్రీలు వాడునదైనచో స్త్రీలనే అడిగి చేయింపుడు. ఊరికి నాలుగు కుటుంబములు కలిసి ఒకేసారి చేయించినచో ఖర్చు తగ్గును.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నొప్పి ఎక్కడ, ఏ కదలిక వలన అని మొదట గుర్తింపవలెను.
2. సగటు మనిషి లేడు. సవరించుకొను పనిముట్టు కొనవలెను.
3. పని నాడి, విశ్రాంతి నాడుల తేడా 40 మించరాదు.
4. బరువును నేల నుండి ఎత్తక, నడుము ఎత్తు నుండి ఎత్తవలెను.
5. తిరుగు భాగమునకు తొడుగు లేనిదే యంత్రము నడుపరాదు.

అభ్యాసము

1. మీ ఇంటిలో పనిచేయు ప్రతివారి ఎత్తు, మోచేయి ఎత్తు కొలిచి గోడ మీద వ్రాయుడు.
2. మీ పాత కొడవలితోను, ఇరుగువారి కొడవలితోను అరగంట చొప్పున కోసి, నాడి తేడాను, కోసిన గడ్డి తూకమును పోల్చుడు.
3. 50 కిలోల బరువు ఇరుసుకు 30 సెం.మీ. దూరమున, చేపిడులు 150 సెం.మీ. దూరమున ఉన్నచో చేతులపై పడు బరువెంత? (జవాబు: 10 కిలోలు.)
4. మీ ఊరి నూర్పిడి యంత్రపు తొట్టిని టేపుతో కొలువుడు. 90 సెం.మీ. లేనిచో రాబోవు నూర్పిళ్లకు ముందే యజమానితో మాట్లాడి పొడిగింపజేయుడు.